బుచ్చిరాములు ఆరో నేల

కొత్తవాడలో జంపఖానాలు నేసే బుచ్చిరాములుకు ఒకటే పిచ్చి. కంప్యూటర్లో భూగోళాన్ని తెరిచి, బటన్ నొక్కుతూ దాని అడుగున పరిచిన పటాన్ని మారుస్తూ కూర్చోవడం. ఆకాశం నుంచి తీసిన ఫొటో ఒకటి, రోడ్ల పటం ఒకటి, కొండల పటం, చీకట్లో దీపాల పటం, ఉత్త తెల్లది. మొత్తం అయిదు. తాగుడూ పేకాటా లేని మనిషికి దేవుడు ఈ బటన్ ఒకటి ఇచ్చాడని గల్లీ అంతా సరిపెట్టుకుంది.

గల్లీ చివర, పల్లంలో బట్టలు కుట్టుకునే సుల్తానా బేగం మాత్రం సరిపెట్టుకోలేకపోయింది. ఎందుకంటే సాయంత్రమైతే ఆయనకు దొరికేది ఆమే.

"చెల్లె, జర ఇటు రా. ఈ నేల మీద మన గల్లీ ఎట్లున్నదో చూడు."

"నిన్న చూసిన గద అన్నా!"

"నిన్న చూసింది ఫొటో నేల. ఇది తెల్ల నేల."

"ఇల్లు అదే గద?"

"పువ్వు మారదు చెల్లె. నేల మారితే కనబడేది మారుతది."

ఇది మగ్గం దగ్గర నేర్చిన పాఠం. పువ్వు వెనక పరుచుకునే రంగును ఆయన నేల అంటాడు. కొత్త పువ్వేదైనా సరే, ముందు కాగితం మీద నాలుగైదు నేలలు వేసి చూసుకోనిదే మగ్గమెక్కించడు. తెల్లదాని మీద కనబడని అంచు నల్లదాని మీద కొట్టొచ్చినట్టు కనబడుతుందట. జంపఖానాకు ఈ పద్ధతి బాగానే ఉంది, భూమండలానికి కూడా అదే పెడితే ఎట్లా?

జీపు నడిపే ఖాజా పాషా ఒకసారి కిరాయికి పోతూ, "అన్నా, ఏటూరునాగారం ఎంత దూరముంటది?" అని అడిగాడు. అడగడమే పాపమైంది. నాలుగో నేల దాటేసరికి జీపులో కూర్చున్నవాళ్లు దిగి వేరే బండి ఎక్కి వెళ్లిపోయారు. "దూరమెంతనో ఇప్పటికీ తెల్వది గని, అడవిని మాత్రం నాలుగు తీర్ల చూసిన" అని ఖాజా పాషా ఇప్పటికీ చెప్పుకుంటాడు.

కూతురు పూజకు రఘునాథపల్లి సంబంధం వచ్చినప్పుడు ఇంకో ఘనకార్యం జరిగింది. వియ్యాలవారి ఇంట్లో ఫలహారాల ముందు కూర్చుని, "మీ దిక్కు దీపాలు జర తక్కువున్నయి, చీకటి నేల మీద చూసిన" అన్నాడు. ఆయన భార్య ఇందిరమ్మ కాలు తొక్కింది. "ఫొటో నేల మీద మీ ఇల్లు మస్తుగున్నది" అని సర్దుకున్నాడు. సంబంధం కుదిరింది, అది పిల్ల అదృష్టం.

ఇవన్నీ నవ్వుకోవడానికే. సుల్తానా బేగానికి కోపం తెప్పించింది వేరే సంగతి. ఏటా వానాకాలం ఆమె ఇంట్లోకి నీళ్లొస్తాయి. కుట్టుమిషను ఇటుకల మీదే కాపురం చేస్తోంది. పోయిన ఏడు ఒక పెళ్లివారి రవికెలన్నీ తడిసి రంగులు దిగాయి. ఈసారి కూడా నీళ్లొస్తే ఇల్లు అమ్ముకుని ములుగులో అక్క దగ్గరికి వెళ్లిపోవాలని తీర్మానించుకుంది. అలాంటి మనిషి ఆ పోయినేటి వానకే వాకిట్లో బురద ఎత్తిపోస్తుంటే బుచ్చిరాములు వచ్చి, "నీళ్లు ముందుగాల ఏ దిక్కుకెల్లి వచ్చినయి చెల్లె? మోకాలు దాకనా, కిందికా?" అని అడిగాడు.

"ఇల్లు మునిగి నేనేడుస్తాంటే, నీకు బొమ్మలాటున్నదా అన్నా?" అని ఆమె చీపురు విసిరికొట్టింది. ఆరు మెట్ల మీద ఇల్లు కట్టుకున్న మనిషికి నీళ్ల బాధ ఏం తెలుస్తుంది? ఆయన ఇంటికి వెళ్లి నేల మార్చుకున్నాడు.

మృగశిర కార్తె ఇంకో నెల ఉందనగా నీళ్ల సంగతి చూడడానికి స్నేహలత అనే కార్పొరేషన్ ఇంజనీరు గల్లీకి వచ్చింది. గల్లీ గల్లీ అంతా మూగింది. ఆమె తన దగ్గరున్న పటం విప్పి, "ఇక్కడ కాలువేదీ లేదండీ, రోడ్డే ఉంది. కాలువ లేనిచోట మేమేం చేస్తాం?" అంది. సుల్తానా బేగానికి ములుగు బస్సు కళ్ల ముందే ఆగినట్టయింది.

"మేడం, జర నేల మార్చి చూడుండ్రి" అంటూ బుచ్చిరాములు ల్యాప్‌టాప్ పట్టుకుని వచ్చాడు. ఇందిరమ్మ నెత్తి కొట్టుకుంది.

"మొన్న ఆరో నేల వచ్చింది మేడం. తాతల నాటి సర్వే పటం."

బటన్ నొక్కాడు. సుల్తానా బేగం ఇంటి వెనక నుంచి చెరువు దాకా సన్నటి నీలిగీత. మళ్లీ నొక్కాడు. ఫొటోలో సరిగ్గా ఆ గీత మీదే ఒక ఫంక్షన్ హాలు గోడ, దాని ముందు సిమెంటు పలక. స్నేహలత ల్యాప్‌టాప్ లాక్కుని తనే నొక్కడం మొదలుపెట్టింది. పాతది, ఫొటో. పాతది, ఫొటో.

"కాలువ ఉంది!" అంది. గల్లీ ఈలలతో దద్దరిల్లింది.

అప్పుడామె సంచిలోంచి కాగితాల కట్ట తీసింది. "మూడేళ్లుగా నెలకో అర్జీ, ఒక్కోదానికి ఒక్కో రంగు పటం. బుచ్చిరాములు మీరేనా?"

సుల్తానా బేగం తొంగి చూసింది. ప్రతి పటంలోనూ ఒకటే ఎర్రచుక్క, తన ఇంటి మీద. కింద ఏ దిక్కు నుంచి నీళ్లొచ్చాయో, ఎంత ఎత్తు వచ్చాయో తేదీలతో సహా రాసి ఉంది. చీపురు విసిరిన రోజు కూడా ఉంది. సిగ్గుతో ఆమె తల ఎత్తలేకపోయింది.

"నాకొక్క మాట చెప్పొద్దా అన్నా?"

"పని కాకముందే చెప్తే ఆశపడతవు చెల్లె. కాకపోతే మళ్ల ఫికర్."

"నాక్కూడ చెప్పలే!" అంది ఇందిరమ్మ.

నెల తిరక్కుండా పలక పగిలింది, గోడ జరిగింది. మొదటి పెద్దవాన రాత్రంతా దంచికొట్టింది. తెల్లారి చూస్తే నీళ్లన్నీ పెళ్లి ఊరేగింపులా కాలువ వెంట చెరువుకు పోతున్నాయి. సుల్తానా బేగం కుట్టుమిషనును ఇటుకల మీద నుంచి దించి, ఆ ఇటుకలను గల్లీ అందరికీ కనబడేటట్టు బయట పేర్చింది.

బుచ్చిరాములు గొడుగు కింద ల్యాప్‌టాప్ దాచుకుని వచ్చి తెరిచాడు. ఫొటో నేల వచ్చింది. వింత ఏమిటంటే, ఆయన వేలు బటన్ వైపు పోలేదు.

"ఇగ చాలు చెల్లె. నీ ఇల్లు ఏ నేల మీదైనా మంచిగనే ఉన్నది."

"ఎట్ల చాలు అన్నా? చీకటి దాంట్ల మా దీపం చూడలే గద!" అంటూ సుల్తానా బేగం కుర్చీ దగ్గరికి జరుపుకుని తానే బటన్ నొక్కింది.