టాంటీ యూలలీ తొట్టి

అడగందే అమ్మైనా అన్నం పెట్టదంటారు. పోర్ట్ ఆఫ్ స్పెయిన్ రేవు పైనున్న లావెంటిల్ కొండమీద మాత్రం ఎవరూ ఏదీ అడిగేవారు కాదు. ఉప్పు కావాలంటే పక్కింటి కిటికీలో చెయ్యి పెట్టడమే, నిచ్చెన కావాలంటే భుజాన వేసుకుపోవడమే. కొండంతా అలాగే సర్దుకుపోయి హాయిగా బతికేది, అందరూ టాంటీ, అంటే అత్తా, అని పిలిచే ఒక్క యూలలీ లెజామా తప్ప. అడక్కుండా తీసుకుంటే ఆమెకు ఒళ్ళు మండేది. మండదూ మరి! మొగుడు అల్ఫోన్స్ ఓ పొద్దున వెనెజులా నూనె బావుల్లో పనికని ఓడెక్కి పోయాడు. ఆమెతో ఒక్క మాటైనా అనలేదు. పోతూ పోతూ ఆమె దాచుకున్న కొత్త దుప్పటి కూడా పట్టుకుపోయాడు. మొగుడికన్నా ఆ దుప్పటిని తలుచుకునే ఆమె ఎక్కువ తిట్టేది.

ఆ మహానుభావుడు చేసిన ఒకే ఒక్క మంచి పని బట్టలుతికే తొట్టి. అమెరికా సైన్యం పారేసిన నూనె డ్రమ్మును సగానికి కోసి, ఆమె చేతులు తెగకుండా అంచు మడతపెట్టి ఇచ్చాడు. మడతపెడుతుంటే సుత్తి వేలిమీద పడింది. ఆ కోపంలో అంచుమీద ఇంకో దెబ్బ వేశాడు. అక్కడ అంచు వంకర తిరిగి అలాగే ఉండిపోయింది. ఆ తొట్టిలో యూలలీ పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో సగంమంది దొరల చొక్కాలు ఉతికి, గంజిపెట్టి, బొగ్గుల ఇస్త్రీ చేసేది. ఆమె ఇస్త్రీ చేసిన కాలరు వేసుకుంటే దొంగసాక్షి కూడా పెద్దమనిషిలా కనబడతాడని కోర్టులో గుమాస్తాలు అనుకునేవారు.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిందని కబురొచ్చిన రోజు కొండ కొండంతా కిందికి దిగింది. వీధుల్లో ఆడిపాడే కార్నివాల్ పండగ యుద్ధం పేరుతో ఆపేసి ఏళ్ళయింది, జనానికి కాళ్ళూ చేతులూ దురదలు పెడుతున్నాయి. చెత్తడబ్బాలు, బిస్కెట్ డబ్బాలు, గిన్నెల మూతలు, చప్పుడు చేసేది ఏదైతేనేం, పట్టుకుని పరిగెత్తారు. యూలలీ కూడా చర్చి దాకా వెళ్ళి నాలుగడుగులు ఆడి వచ్చింది. వచ్చి చూస్తే పెరట్లో తొట్టి లేదు. అందులోని నీళ్ళు అరటిచెట్టు మొదట్లో పోసి ఉన్నాయి. జడ్జిగారి చొక్కాలు పిండి, మడిచి, రాతిమీద పెట్టి ఉన్నాయి.

ఇంత మర్యాద తెలిసిన దొంగకు ఒక్కమాట అడిగితే నోరు పడిపోయేదా అని ఆమె కొండ పైనుంచి కింది దాకా వినిపించేలా అడిగింది. అరువు తెచ్చుకున్న చిన్న బేసిన్‌తో పని సాగించింది. పని సగమైంది, తిట్లు రెట్టింపయ్యాయి.

ఆ నెలల్లోనే కొండమీద కొత్త పాట పుట్టింది. అంతకుముందు డబ్బాలు తాళానికే. ఇప్పుడు కింది వాడలో ఎవడో డబ్బామీద ఏకంగా పాటే వాయిస్తున్నాడు. వాడు రేవులో మూటలు మోసే ఫిట్జ్‌రాయ్ గిటెన్స్. పుల్లలా ఉంటాడు, ఎప్పుడూ ఎవరో ఒకరి చెవి దగ్గర కూనిరాగం తీస్తుంటాడు కాబట్టి అందరికీ 'దోమ'. డ్రమ్ము అడుగును సుత్తితో పళ్ళెంలా లోపలికి దించి చేసే ఆ వాయిద్యాన్ని పాన్ అనేవారు. అందులో మిగతావాళ్ళకు నాలుగు స్వరాలు పలికితే వీడు పది పలికించాడు. కుడిచెయ్యి ఒకటంటే ఎడమచెయ్యి దానికి జవాబు చెప్పేది. పక్క వాడల కుర్రాళ్ళు గోడలెక్కి విని, ఇంటికి పోయి తమ డ్రమ్ములమీద పడేవారు. పాటగాళ్ళు గిటార్లు పక్కన పెట్టి వాడి పాన్ వెనకాల గొంతు కలపసాగారు.

పాన్ వాయించేవాళ్ళంటే పరువుగలవాళ్ళకు రౌడీల కింద లెక్క. యూలలీ లెక్కా అదే. కానీ బేసిన్ ముందు కూర్చుంటే ఆమె చేతులు దోమ తాళానికే బట్టలు రుద్దేవి. అది తెలిసి ఆమె పంతానికి తాళం తప్పించి రుద్దేది. ఆ పంతానికి ఇద్దరు లాయర్ల చొక్కాలు చిరిగాయి.

మరియమ్మ పండగకు ఫాదర్‌గారు దోమను చర్చిలో వాయించడానికి పిలిచారు. సగం ఊరు ముక్కున వేలేసుకుంది. యూలలీ అందరికన్నా ముందు వరసలో చేతులు కట్టుకుని, ముఖం మాడ్చుకుని కూర్చుంది. దోమ మెడకు తాడుతో పాన్ తగిలించుకుని కీర్తన అందుకున్నాడు. మొదటి చరణానికి ఆమె చేతులు విడిపోయాయి. రెండో చరణానికి కళ్ళు నిండాయి. ఇంత బాగుంటుందని ఆమెకెవరూ చెప్పలేదు. మూడో చరణంలో వాడు ఇటు తిరిగాడు. అంచుమీద వంకర కనబడింది.

ఆమె లేచి వెళ్ళి, కీర్తన మధ్యలోనే, ఆ అంచు పట్టుకుంది.

"ఇది నా తొట్టి."

దోమ తేలు కుట్టిన దొంగలా వాయించే పుల్లలు దించేశాడు. తర్వాత మెడలో తాడు తీశాడు.

"నీదే టాంటీ. చొక్కాలు పిండి పెట్టింది కూడా నేనే."

"పిండావు సరే. అడిగావా?"

"అడిగితే ఇచ్చేదానివా?"

"ఇచ్చేదాన్ని కాదు. అయినా అడగాలి."

తొట్టి నెత్తిన పెట్టుకుని ఆమె ఇంటికి నడిచింది. తీరా చూస్తే దాని అడుగు లోపలికి పొడుచుకొచ్చి ఉంది, అంతా ఎగుడుదిగుడు. సగం నీళ్ళకే నిండి పొర్లుతోంది. బట్టలుతకడానికి పనికిరాదు. అయినా చూరుకు వేలాడదీసింది. కొండ మూగబోయింది. యుద్ధం తర్వాత మొదటి కార్నివాల్ ముంచుకొస్తోంది. దోమ జట్టువాళ్ళు కొత్త రేకు తొట్టి ఒకటి తెచ్చి గుమ్మంలో పెట్టి, లెక్క సరిపోయిందన్నట్టు నేరుగా చూరుకేసి చెయ్యి చాచారు. యూలలీ తడి దుప్పటితో వాళ్ళను వాకిలి దాకా తరిమింది.

మర్నాడు దోమ ఒక్కడే వచ్చాడు. గేటు తియ్యలేదు. టోపీ తీసి బయటే నిలబడ్డాడు. ఆమె ఆరేసే బట్టలన్నీ తాపీగా ఆరేసేదాకా నిలబడ్డాడు.

"టాంటీ, కార్నివాల్‌కు నీ తొట్టి ఇస్తావా?"

"వినబడలేదు. పక్కింటి మెర్ల్‌కు కూడా వినబడేలా అడుగు."

వాడు రేవులో కేకేసినట్టు అడిగాడు. వీధంతా కిటికీల్లోకి వచ్చింది. యూలలీ ఇచ్చింది, తొట్టి వెంట తానూ వస్తానన్న షరతుమీద. చర్చి టోపీ పెట్టుకుని, ఒక చెయ్యి తొట్టిమీద వేసి, రౌడీల మధ్య నడివీధిలో నడిచింది. చూసినవాళ్ళు నోళ్ళు నొక్కుకున్నారు. కార్నివాల్ ఆఖరి రోజు, మంగళవారం సాయంత్రానికి టోపీ ఎటు పోయిందో తెలీదు, ఆమె నడుము ఆగడం లేదు, నోళ్ళు నొక్కుకున్నవాళ్ళు కూడా ఆమె వెనకే ఎగురుతున్నారు. పుట్టి బుద్ధెరిగాక అంత సంతోషం ఆమె ఎరగదు.

ఆ రోజు దోమ వాయించింది విన్న ప్రతి వాడకూ అలాంటి పాన్ కావాల్సి వచ్చింది. వచ్చి తొట్టిని తడిమి చూశారు. అంచుమీద వంకర కనబడగానే రహస్యం దొరికిందనుకున్నారు. పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టు, శాన్ ఫెర్నాండో ఊరినుంచి టొబాగో దీవి దాకా కుర్రాళ్ళు మంచి మంచి డ్రమ్ముల అంచులు సుత్తితో వంకర కొట్టుకున్నారు. ఆ వంకర పడవలెక్కి పక్క దీవులకూ పాకింది. అది మా ఆయన వేలు చితికిన చోటురా నాయనా అని యూలలీ నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పింది. ముసలిది రహస్యం దాస్తోందన్నారు. వంకరతో పాటు రెండు చేతుల వాయింపు కూడా పాకింది, అదొక్కటి నయం.

ఏటేటా దోమ గేటు దగ్గరికి వచ్చి అడిగేవాడు, ఆమె ఇచ్చేది. మిగతా రోజుల్లో తొట్టి చూరు కింద ఉండేది. ఆడపిల్లల్ని ఏ వాడవాళ్ళూ పాన్ ముట్టుకోనిచ్చేవారు కాదు, అందుకని వీధిలో ఆడపిల్లలంతా దానిమీద చేరేవారు. ఒకళ్ళనొకళ్ళు తోసుకుంటూ దోమ పాటలు నేర్చుకునేవారు. తాళం తప్పితే యూలలీ బట్ట రుద్దుతూనే కసిరేది.

తర్వాత దోమ తళతళలాడే కొత్త పాన్ చేసుకున్నాడు. ఆ ఏడు కార్నివాల్‌కు తొట్టి అడగడానికి రాలేదు. యూలలీ తొట్టి తుడిచి, గేటు దగ్గర పెట్టుకుని, పండగ రెండు రోజులూ ఎదురుచూసింది. మెర్ల్ అడిగితే ఎండకు పెట్టానంది. దుప్పటి పోయిన రోజున కూడా అంత నొచ్చుకోలేదు.

మరుసటి ఏడు వాడి జట్టుకు ఇంగ్లండ్‌నుంచి పిలుపొచ్చింది. ఓడెక్కే పొద్దున కొండంతా వాడి వెంట దిగుతోంది. ఆమె గేటు ముందు వాడు ఆగి, టోపీ తీశాడు.

"టాంటీ, నీ తొట్టి ఇంగ్లండ్ తీసుకెళ్ళనా?"

"కొత్తది ఉందిగా, అద్దంలా. నిరుడు నేనూ, తొట్టీ గుర్తులేమా?"

"తప్పయింది టాంటీ. కొత్తది దొరికిన పొగరు. అక్కడ మొదటి పాట దీనిమీద వాయించాలని ఉంది. ఇస్తావా?"

చూరు కింద ఆడపిల్లలు పుల్లలు పైకెత్తి అలాగే ఆగిపోయారు. ఆమె వాళ్ళకేసి చూసింది.

"ఇవ్వను. పిల్లలు వాయించుకుంటున్నారు."

జనం గగ్గోలు పెట్టారు. మెర్ల్ మోచేత్తో పొడిచింది. దోమ ఆమెకేసి, పిల్లలకేసి చూసి నవ్వాడు.

"సరే టాంటీ," అన్నాడు. టోపీ పెట్టుకుని కొండ దిగిపోయాడు.

ఎంత పొగరే నీకని వీధంతా ఆమెను సాయంత్రం దాకా తిట్టింది. ఆమెకు ఒక్క తిట్టూ తగల్లేదు. జన్మలో మొదటిసారి ఒకడు ఆమె వస్తువు అడిగి, ఇవ్వనంటే సరేనని వెళ్ళాడు. ఇంతకన్నా ఎవరైనా ఏమిస్తారు? ఆమె నవ్వు ఆపుకోలేక గౌను అంచుతో ముఖం తుడుచుకుని పిల్లల వైపు తిరిగింది.

"ఆపమన్నదెవరు? మొదట్నుంచి కానివ్వండి."