ఫోకెలీన్ పర్మనెంటు కేకు

జీవితాంతం ఒకే ఉద్యోగం చేసే రోజులు పోయాయని లోకానికి చాటిచెప్పిన మనిషి మా ప్రొఫెసర్ ఓనో. ఆ మాట మొదటిసారి రాసినప్పుడు ఏ కుర్చీలో కూర్చున్నాడో ఇప్పటికీ అందులోనే కూర్చుంటాడు. దాని గుడ్డ మాత్రం అరిగిపోతే మార్పించాం. మార్పించింది నేనే. మా డచ్చి ఊరు హ్రోనింగెన్‌లోని ఈ ఉద్యోగ జీవితాల అధ్యయన కేంద్రానికి కార్యదర్శిని, పేరు హిల్లీ.

ఆయన సిద్ధాంతానికి రుజువులు వెతికి తెచ్చే పని మా పరిశోధకురాలు ఫోకెలీన్‌ది. గోదాముల్లో, డెయిరీల్లో తాత్కాలికంగా పనిచేసేవాళ్లను కూర్చోబెట్టి, రేపు పని ఉంటుందో లేదో తెలియకపోతే ఎలా ఉంటుందని అడిగేది. నిద్ర పట్టదని వాళ్లు చెప్పేవారు. ఓనో దాన్ని దిద్ది, "అప్రమత్తత పెరుగుతుంది" అని అచ్చు వేయించేవాడు.

ఫోకెలీన్‌దీ తాత్కాలిక ఉద్యోగమే. వరసగా కొన్ని ఒప్పందాలు అయ్యాక మనిషిని పర్మనెంటు చేయాలని మా చట్టం. మధ్యలో ఆరు నెలలు దాటి ఖాళీ వస్తే లెక్క మళ్లీ మొదటికొస్తుంది. మా కేంద్రానికి చట్టమంటే ఎంత భక్తి అంటే, ఆ గడువు దగ్గర పడగానే ఆమెను చడీచప్పుడు లేకుండా ఇంటికి పంపి, ఖాళీ పూర్తయ్యాక పూలగుత్తితో వెనక్కి పిలుస్తుంది. ఆ ఖాళీల్లో ఆమె ఒకసారి ఉత్తరాలు పంచింది, ఇంకోసారి తులిప్ దుంపలు సంచులకెత్తింది. ఓనో దానికి బహుముఖ అనుభవం అని పేరు పెట్టాడు. ఆమె అదేదో తమాషా అన్నట్టు నవ్వేసేది. నాకు మాత్రం ఒళ్లు మండేది.

నలభై దాటాక ఆ నవ్వూ తగ్గింది.

"ఈసారీ పర్మనెంటు కాకపోతే ఇక నావల్ల కాదు హిల్లీ. నా పుస్తకాలు ఇంకా అట్టపెట్టెల్లోనే ఉన్నాయి. బయటికి తీయాలంటే భయం," అంది ఈ వసంతంలో.

ఒక గురువారం ఓనో ఆమెను నా బల్ల ముందే ఆపాడు.

"రేపు మధ్యాహ్నం కాఫీ గదికి కేకు పట్రా ఫోకెలీన్. నీ గురించి అందరికీ ఓ మాట చెప్పాలి."

మా దగ్గర శుభవార్త ఎవరిదైతే కేకు వాళ్లే తేవాలి. ఉద్యోగం వదిలి వెళ్లేవాళ్లు కూడా తమ వీడ్కోలు కేకు తామే తెచ్చుకోవాలి. ఈ రెండోది ఆమెకు తట్టలేదు. నాకూ తట్టలేదు.

శుక్రవారం ఎదురుగాలికి సైకిలు తొక్కలేక, తోసుకుంటూ కేకు తెచ్చింది. అంత వెలుగు ఆమె ముఖంలో నేనెప్పుడూ చూడలేదు. ఆమె మూత తీస్తుండగానే ఓనో ప్రసంగం అందుకున్నాడు.

"విరామమంటే ఉద్యోగ జీవితంలో ఓ మైలురాయి. దాన్ని పండగ చేసుకోవాలని మన కొత్త పరిశోధన చెప్తోంది. మొదటి పండగ ఫోకెలీన్‌దే. సోమవారం నుంచి తనకు మళ్లీ విరామం."

అందరి చూపూ కేకు మీదే ఉంది. తెల్లటి క్రీము మీద చాక్లెట్ అక్షరాలు: ఎట్టకేలకు పర్మనెంటు.

ఓనో కళ్లద్దాలు పెట్టుకుని చదివాడు.

"బేకరీవాళ్లు పొరపాటున వేరేవాళ్లది ఇచ్చినట్టున్నారే."

"లేదు, నేనే రాయించా," అంది ఫోకెలీన్.

కేకు కోసింది. పర్మనెంటు అని ఉన్న ముక్క చెదరకుండా తీసి ఆయన పళ్లెంలో పెట్టింది. "ఇది మీదే ఓనో. మొదట్నించీ మీదే." ఆయన బాగుందంటూ తిన్నాడు. నాదీ పర్మనెంటు ఉద్యోగమే కదా, నా ముక్క పక్కన పెట్టేశా. సిగ్గేసింది.

"మరి డిసెంబర్లో కలుద్దాం," అన్నాడు ఆయన, వేలికంటిన క్రీము నాకుతూ.

"రాను. డిసెంబర్లోనే కాదు, ఇంకెప్పుడూ రాను."

ఓనో ముఖం విప్పారింది. "చూశారా, ఎంత చక్కటి స్వయం నిర్ణయమో! మన పుస్తకానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు. నీ గురించి రాసుకోనా? మామూలుగా చేసేదేగా, పేరు మార్చేస్తాలే."

ఫోకెలీన్ కత్తి కడిగి తుడిచి పెట్టింది. కోటు గుండీలు మెడదాకా పెట్టుకుంది.

"రాసుకోండి," అంది. "పేరు మాత్రం మార్చకండి."