కంపు బత్తా

హనుమంతరావు చివరిగా చేసిన పని, ఇంటి గుమ్మం బయట నిలబడి, చెప్పులైనా విప్పకుండా గాలి పీల్చి, "గోంగూర, పచ్చిరొయ్యలు" అనడం. పొయ్యి దగ్గరున్న అతని భార్య పేరంటాలు రోజూలాగే, "ఒప్పే. ముందు పంపు దగ్గరికి పో బావా" అంది. అతను స్నానం చేశాడు, తిన్నాడు, మారు వడ్డించుకున్నాడు, పడుకున్నాడు. తెల్లారి లేవలేదు. నిద్రలోనే గుండె ఆగిపోయిందన్నారు.

పోయేముందు ఏమైనా చెప్పాడా అని వచ్చినవాళ్లందరూ అడిగారు. గోంగూర గురించి చెప్పాడని ఎలా చెప్పడం? ఏమీ చెప్పలేదంది పేరంటాలు.

తెనాలిలో ఒక లారీ కంపెనీలో అతను డ్రైవరు. ఆ కంపెనీలో ఎవరి రూటు వాళ్లదే. రూట్లు మూడు రకాలు. మొదటిది లైను. కలకత్తా దాకా పోవాలి, కిలోమీటరుకింత అని లెక్క కడతారు. డబ్బు బాగా వస్తుంది, మనిషే ఇంటికి రాడు. రెండోది బాపట్ల. సబ్బుల పెట్టెలు తీసుకుపోయి అక్కడి డిపోలో దించి రావాలి. నెల జీతం, ట్రిప్పుకు బత్తా. మూడోది రేపల్లె. సముద్రం వైపు నుంచి వచ్చిన ఎండుచేపల పొడి, రొయ్య తలకాయల పొడి అక్కడ ఎక్కించుకుని తెనాలి పక్కనున్న మేత మిల్లుకు చేర్చాలి. పొద్దున్నే పోతే దీపాలు పెట్టే వేళకు ఇంటికి రావచ్చు. పైగా జీతం మీద అదనంగా కొంత ఇస్తారు. కంపెనీవాళ్లు దాన్ని ప్రత్యేక భత్యం అంటారు. డ్రైవర్లు కంపు బత్తా అంటారు.

ఆ కంపుకు ఎవరూ నిలిచేవారు కాదు. ప్రతాప్ అనే కొత్త డ్రైవరు మొదటి ట్రిప్పులోనే భట్టిప్రోలు దగ్గర లారీ పక్కకు ఆపి, తాళాలు క్లీనరు చేతిలో పెట్టి, ప్యాసింజరు రైలెక్కి వెళ్లిపోయాడు. అలాంటి రూటును కరోనా తగ్గిన ఏడాది హనుమంతరావు కోరి తీసుకున్నాడు. అంతకుముందు లైనులో తిరిగి, నెలకు నాలుగుసార్లు ఇంటి మొహం చూసినవాడు.

రోజూ ఇంటికొస్తాడని పేరంటాలు మొదట మురిసింది. ఆ మురిపెం మొదటి సాయంత్రమే తీరింది. మొగుడి కంటే ముందు వీధిలో పిల్లులు వచ్చాయి. అతని మోపెడ్ మలుపు తిరగగానే గోడలు దిగి, పెళ్లివారిలా వెనకే నడిచేవి. ఎదురింటి మాణిక్యమ్మ కిటికీ రెక్క వేస్తే సాయంత్రం అయిందని వీధివాళ్లకు తెలిసేది. చీరాలలో మేనకోడలి పెళ్లికి వెళ్తే పంక్తిలో అతనికి అటు రెండు విస్తళ్లు, ఇటు రెండు విస్తళ్లు ఖాళీ. "చూశావా, మనకెంత మర్యాదో" అని అతను కాళ్లు బారజాపుకుని కూర్చున్నాడు. పేరంటాలు తల వంచుకుని పప్పు కలుపుకుంది. సున్నిపిండి, నిమ్మచెక్కలు, కుంకుడు పులుసు అన్నీ అయ్యాయి. అతని బట్టలకు పెరట్లో విడిగా తీగ కట్టింది. ఆ తీగ మీద కాకులు తప్ప ఏమీ వాలేవి కాదు.

అంత కంపులో మునిగి వచ్చిన మనిషి గుమ్మంలో నిలబడి లోపల ఉడుకుతున్న కూరేదో చెప్పేవాడు. ఆ సరదా కూడా రేపల్లె రూటుతోనే మొదలైంది. "వంకాయ." ఒప్పు. "బెండకాయ పులుసు." ఒప్పు. కూరలు కొనకుండా ఇంట్లో ఉన్న కందిపప్పుతో సరిపెట్టిన రోజున మాత్రం, "ఇవాళ కాస్త జలుబుగా ఉందే" అనేవాడు. పేరంటాలు ఆ జలుబుకు మిరియాల కషాయం కాచి, దగ్గరుండి తాగించేది. మొహం చిట్లించుకుని తాగేవాడు.

పోయిన దసరాకు కంపెనీ ఆవరణలో లారీలకు ఆయుధపూజ చేశారు. కొత్త ఏడాదికి ఎవరికి ఏ రూటో ఆ రోజే తేలుస్తారు. బాపట్ల సబ్బుల రూటు ఖాళీ అయిందని తెలిసి పేరంటాలు పులిహోర గిన్నెతో తనూ బయల్దేరింది. బాపట్లే అడుగుతానని మొగుడిచేత దారిపొడుగునా మూడుసార్లు అనిపించింది.

"బాలస్వామి లైనుకు పోతానంటున్నాడు. బాపట్ల ఎవరికి కావాలి?" అన్నాడు మేనేజరు కృష్ణకాంత్.

హనుమంతరావు దిష్టి తీసిన గుమ్మడికాయ ముక్కల వంక చూస్తూ, "నాకు రేపల్లే ఉంచండి సార్" అన్నాడు.

"ఆ మాట కాదండి. బాపట్ల అని రాసుకోండి" అంది పేరంటాలు వెనకనుంచి.

"అమ్మా, డ్రైవరు ఎవరండి?"

"బండికి ఆయనండి. ఆయన విడిచిన బట్టలకి నేను."

డ్రైవర్లు నవ్వారు. బాలస్వామి పులిహోర నములుతూ, "చెల్లెమ్మా, సబ్బుల లారీ మొదట్లో బానే ఉంటది. పోనుపోను అన్నంలో కూడా మల్లెపూలే" అన్నాడు.

"నాక్కావాల్సింది అదే అన్నయ్యా."

కృష్ణకాంత్ గొంతు తగ్గించాడు. "రేపల్లెకి ఇంకో మనిషి దొరకడమ్మా. కావాలంటే ప్రత్యేక భత్యం పెంచమని పైకి రాస్తాను."

"ఆ పెంచింది కూడా సబ్బులకే పోద్దండి. దానికంటే సబ్బుల లారీయే ఇచ్చేయండి."

సరేనని కృష్ణకాంత్ బాపట్ల అని రాసుకున్నాడు. రెండు వారాలు బాపట్ల తోలి చూడమన్నాడు.

ఆ రెండు వారాలూ హనుమంతరావు గుబాళించాడు. పిల్లులు ఒకరోజు ఎదురొచ్చి, వాసన చూసి, మోసపోయినట్టు వెనక్కి తిరిగాయి. మాణిక్యమ్మ కిటికీ తెరుచుకుంది. అయితే బాపట్ల డిపోలో పెట్టెలు లెక్కపెట్టి దించుకునేసరికి పొద్దు గూకేది. పొన్నూరు మీదుగా తిరిగొచ్చి, వీధి మలుపులో పాప గంపలు ఎత్తేసి వెళ్లిపోయాక ఇంటికి చేరేవాడు. పాప అంటే చిన్నపిల్ల కాదు, యాభై దాటిన మనిషి. ఒక గంపలో కూరలు, ఒక గంపలో చేపలు పెట్టుకుని అమ్మేది.

మొదటి రోజు గుమ్మంలో నిలబడి, "దొండకాయ" అన్నాడు. లోపల వేగుతున్నవి ఎండు నెత్తళ్ల చేపలు.

"ఏంటి బావా, వీధంతా తెలుస్తుంటే?"

"సబ్బుల వాసనకి ముక్కు దెబ్బతిన్నదే."

రెండో రోజు పులస అన్నాడు. అది టమాటా పప్పు. మూడో రోజు ఏమీ అనకుండా లోపలికొచ్చి కంచం ముందు కూర్చున్నాడు. ఆ వారమంతా అంతే. పేరంటాలు కావాలనే ఇంగువ దట్టించింది. పచ్చళ్లకు ఘాటుగా పోపులు పెట్టింది. మాణిక్యమ్మ రెండుసార్లు తుమ్మింది గానీ, హనుమంతరావు గుమ్మంలో నోరెత్తలేదు. మనిషి పక్కన కూర్చుంటే మల్లెపూల వాసన. ఇంట్లో ఎవరో చుట్టాలాయన దిగినట్టుంది ఆమెకు.

రెండు వారాలు నిండకముందే ఆమె కంపెనీకి వెళ్లింది.

"సార్, రేపల్లె ఇచ్చేయండి ఆయనకి."

రేపల్లెకు రోజుకొక బదిలీ డ్రైవరును బతిమాలి పంపుతున్న కృష్ణకాంత్, లేచి ఆమెకు కుర్చీ వేశాడు. "ఏమైందమ్మా?"

"సబ్బు పడలేదండి."

మర్నాడు సాయంత్రం పిల్లులు గోడలు దిగాయి. గుమ్మం బయటినుంచి "కాకరకాయ" అని వినిపించింది. "ఒప్పే. పంపు దగ్గరికి పో" అంది పేరంటాలు. అతను వెళ్లేదాకా మొహానికి కొంగు అడ్డం పెట్టుకుంది. కంపుకనే అనుకుని ఉంటాడు.

అప్పటినుంచి ఆ చివరి సాయంత్రం దాకా, జలుబు రోజులు పోను, ఒక్కరోజు తప్పలేదు.

పెద్దకర్మ అయ్యాక మొదటిసారి ఆమె వీధి మలుపు దాకా వెళ్లింది. ఏం కావాలో తోచక గోంగూర కట్ట తీసింది. పాప డబ్బు పుచ్చుకోలేదు.

"ఇంక నన్ను అడిగేదెవరు వదినా, ఇవాళ మీ వదినేం కొన్నదని?"

"ఎవరడిగారు?"

"అన్నయ్యే. బండి ఆపి, నన్నడిగి గానీ ఇంటికి పోయేవాడు కాదు గదా. కరోనాలో పోయిన వాసన ఆయనకి మళ్లీ రాలేదంటగా. నీకు తెలుసనుకున్నా."

పేరంటాలు గోంగూర కట్టను అటూ ఇటూ తిప్పింది. "రుచి?"

"ఉప్పు, కారం, పులుపు తెలుస్తాయన్నాడు. మిగతాది తెలీదంట."