గోడమీది దొరసానికి బొట్టు

తడి పసుపు వాసన తగిలితే చాలు, దేశం కాని దేశంలో, గిరావీన్‌లో మా చిన్నప్పుడు అద్దెకున్న ఇంటి ముందుగది కళ్ళ ముందుకొస్తుంది. పూర్వం ఫ్రెంచి గొప్పిళ్ళలో ఉండేవట, అలాంటి బొమ్మల పలకలు ఆ గది గోడల నిండా బిగించి ఉండేవి. చెట్లకింద దుప్పట్లు పరుచుకుని పళ్ళు తినేవాళ్ళు, గొడుగులేసుకుని పడవల్లో తిరిగేవాళ్ళు, ఊయలూగే నీలంగౌను దొరసాని. ఇంటి ఓనరు మార్గరెట్ ఆంటీ భర్త, ఆఖరి రోజుల్లో ఓపిగ్గా కూర్చుని వేసినవవి. “వీళ్ళకి వంటావార్పూ ఉండవా ఏంటి?” అని సణుగుతూనే అమ్మ రోజూ టీ కప్పుతో వాళ్ళకెదురుగా కూలబడేది. నేనూ చెల్లీ ఊయలావిడకి లలితత్త అని పేరు పెట్టుకుని, బడి కబుర్లన్నీ ఆవిడకే చెప్పేవాళ్ళం.

ఒక శ్రావణ శుక్రవారం, బయట, అక్కడ ఆగస్టంటే చలికాలం కదా, ఆ చలిలో వాటిల్ చెట్లు పసుపుపచ్చగా విరగబూసి ఉంటే, లోపల బూరెలు వేగుతూ, పులిహోర పోపు ఘుమఘుమలాడుతూ, కిటికీ తెరిస్తే చలీ మూస్తే పొగ అలారం మోతా అయి, పేరంటాళ్ళకి బొట్లు పెడుతున్న అమ్మ ఆ ఊపులో లలితత్తకీ పెట్టేసింది.

“శుక్రవారం పూట బోసి నుదురేంటే, పాపం.”

మర్నాడే ఆంటీ ఇల్లు చూడ్డానికి వస్తానని ఫోను చేసింది. అమ్మ తడిగుడ్డతో తుడిచేసరికి పసుపూ కుంకుమా కలిసి చెంపదాకా పాకాయి. “మమ్, స్టాప్, ఇట్స్ గెటింగ్ వర్స్” అని చెల్లి ఏడుపు మొహం పెట్టింది. ఖాళీ చేయమంటే ఏడాది మధ్యలో ఇల్లెక్కడ దొరుకుతుందని నాన్న తల పట్టుకున్నాడు. నాకైతే బడి మారాలేమోనని బెంగ.

ఆంటీ వచ్చింది. నేరుగా బొమ్మ ముందుకెళ్ళి మరక చూసింది. అమ్మ తనకొచ్చిన ఇంగ్లీషులో, పండగనాడు ఇంట్లో ఉన్న ఆడవాళ్ళందరికీ పెడతామని ఎలాగో చెప్పింది.

“వన్ ఫర్ మీ టూ, లవ్?” అంటూ ఆవిడ తల వంచింది.

అమ్మ చెయ్యి కుంకుమ భరిణె మీదే ఆగిపోయింది. మావాళ్ళలో భర్త పోయినావిడకి బొట్టు పెట్టరు. అయినా అమ్మ మూత తీసి, ఆ ముడతల నుదుటిమీద నిండుగా బొట్టు పెట్టింది. మా అందరి ప్రాణాలూ లేచొచ్చాయి. ఇల్లు ఖాళీ చేయమన్న మాటే రాలేదు. ఆంటీ బూరెలు తిని, ఆ బొట్టుతోనే కారెక్కింది.

ఇప్పుడా ఇల్లు లేదు, టౌన్‌హౌసులు లేచాయి. ఆంటీ పోయింది, పలకలు ఏమయ్యాయో తెలీదు. తలుచుకుంటే దిగులే. కానీ ఆ తర్వాత ఏ శ్రావణంలోనూ మా ఇంటికొచ్చిన భర్త పోయినావిడ ఎవరూ బొట్టు లేకుండా గడప దాటలేదు.