మూడడిగితే పద్నాలుగు

ఇంగ్లీషు నన్ను రెండుసార్లు ముంచింది. 1989 మార్చిలో ఇరవై ఏడు మార్కులు, అదే ఏడు అక్టోబరులో ముప్పై ఒకటి. పాసు కావడానికి ముప్పై ఐదు కావాలి. తక్కిన సబ్జెక్టులన్నీ మొదటిసారే గట్టెక్కాయి. లెక్కల్లో డెబ్బై ఎనిమిది. రెండుసార్లూ పరీక్ష హాలు గడప దాటి బయటికొస్తూనే నాకెన్ని మార్కులొస్తాయో చెప్పాను. రెండుసార్లూ సరిగ్గా అన్నే వచ్చాయి. అందుకు గర్వపడాలో ఏడవాలో తెలియలేదు.

అప్పటికి నాకు ముప్పై ఏళ్లు. సూర్యాపేటలో మా వాడ అంగన్‌వాడీలో ఆయాగా చేస్తున్నాను. టీచరమ్మ ఎండాకాలం తర్వాత మానేస్తున్నదని తెలిసింది. ఆ ఉద్యోగం నాకు రావాలంటే చేతిలో టెన్త్ మెమో ఉండాలి. 1990 మార్చి పరీక్షకు మూడోసారి ఫీజు కట్టాను. ఈసారి తప్పితే ఆ ఉద్యోగం ఇంకెవరికో పోతుంది.

కోదాడలో కాపురముండే మా ఆడబిడ్డ ఈ సంగతి విని, పరీక్షకు పన్నెండు రోజుల ముందు సంచీతో దిగింది. నాకంటే ఏడేళ్లు చిన్న, ఇంటర్ చదివింది. నా చదువు ఒక పూట చూసి తల పట్టుకుంది.

"వదినా, గైడు బట్టీ కొడుతున్నావు నువ్వు. చూడని ఓడ గురించి, ఎక్కని కొండ గురించి రాస్తే ఎట్లా గుర్తుంటాయి? రోజూ చూసేవి రాయి."

"మన బతుకు ఇంగ్లీషుల రాస్తే మార్కులేస్తరా?"

"వేయకపోతే నేనడుగుతాలే. ముందు నువ్వు రాయి."

ఒకే మాటను వేర్వేరు అర్థాల్లో వాడి వాక్యాలు రాయమని ఒక ప్రశ్న ప్రతిసారీ వచ్చేది. మూడు వాక్యాలు, మూడు మార్కులు. నాకు ప్రతిసారీ సున్నా. ఆడబిడ్డ ఇరవై నాలుగు మాటల పట్టీ రాసింది. రోజుకు రెండు చొప్పున పన్నెండు రోజులకు సరిపోయింది. అది చూశాకే ఆమె మీద నాకు నమ్మకం కుదిరింది. అయితే చివరి రోజు మా పిల్లకు జ్వరం రావడంతో ఒక మాట మిగిలిపోయింది. అది 'లైన్'.

పరీక్ష సెంటరు మిర్యాలగూడలో పడింది. పొద్దున మొదటి బస్సులో ఇద్దరం ఎక్కాం. మిగిలిన ఆ మాటకు ఆడబిడ్డ ఒక ఆట పెట్టింది. ఒక కిలోమీటరు రాయి నుంచి ఇంకో రాయి వచ్చేలోపు ఒక వాక్యం చెప్పాలి. చెప్పలేనివాళ్లు కిటికీ పక్క సీటు వదలాలి.

రేషన్ షాపు ముందు లైన్ పొడుగుంది అని నేను ఇంగ్లీషులో మొదలుపెట్టాను. ఫోన్ లైన్ ఎప్పుడూ దొరకదు అని ఆమె. మా ఆయనది ధాన్యం లైన్, అంటే వ్యాపారం అని నేను. కోదాడలో మాది రెండో లైన్ అని ఆమె. అర్థం ఏమిటో తెలుగులో కూడా పైకే చెప్పుకుంటున్నాం. వెనక సీట్లో రైస్ మిల్లు పనికి పోయే ఒకామె ముందుకు వంగింది.

"రెండో లైనంట! గల్లీ అంటే నోరు నొస్తదా కోదాడోళ్లకు? ఇగో, మా ఊర్ల కరెంటు లైన్ తెగి మూడొద్దులాయె. గది గూడ రాసుకో సెల్లె."

నేను దాన్ని ఇంగ్లీషులోకి మార్చాను. ఆడబిడ్డ దిద్దింది. మిల్లామె చప్పట్లు కొట్టింది. అంతే, బస్సంతా మొదలైంది.

"పదకొండేండ్ల సంది గిదే లైన్ మీద డ్యూటీ నాది. నన్నిడిసిపెడ్తవా అక్కా?" అన్నాడు కండక్టరు.

ముందు సీట్లోని ముసలాయన అరచెయ్యి చాపాడు. "నా చేతిల ఆయుష్షు లైన్ మస్తు పొడుగున్నది. గీ డ్రైవర్ను సూస్తెనే అనుమానంగున్నది."

డ్రైవరుతో సహా అందరూ నవ్వారు. మిర్యాలగూడలో దిగేసరికి పద్నాలుగు వాక్యాలు. వేళ్ల మీద రెండుసార్లు లెక్కపెట్టాను.

హాల్లో పేపరు తిప్పి చూస్తే ఆ మాటే! మూడు వాక్యాలు రాయమన్నారు. మూడు రాశాను. మరి కండక్టరు? ఆయన వాక్యం కూడా రాశాను. ముసలాయనను వదలడానికి మనసొప్పలేదు. నంబర్లు వేసి ఒక్కొక్కరినీ దించుతుంటే కడుపులో నవ్వు ఆగలేదు.

"ఏందమ్మా నవ్వుతున్నవ్? చిట్టీలేమన్న తెచ్చినవా?" అంటూ కాపలా మేడమ్ వచ్చి నా పెన్నుల డబ్బా, హాల్‌టికెట్ వెనకాముందూ చూసి పోయింది. నేను పన్నెండో నంబరు నుంచి మళ్లీ అందుకున్నాను. పద్నాలుగూ అయ్యాక పేజీ తిప్పితే ఉత్తరం ప్రశ్న. పది మార్కులు. పై చిరునామా రాస్తుండగానే గంట కొట్టారు.

గేటు దగ్గర ఆడబిడ్డకు చెప్పాను.

"మూడడిగితే పద్నాలుగా!" ఆమె నోరు తెరిచింది. "ఎన్నొస్తాయి వదినా?"

"ముప్పై మూడు."

నా అంచనా సంగతి ఆమెకు తెలుసు. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఏడవాల్సింది పోయి గేటు పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాం.

జూన్‌లో పేపర్లో నా నంబరు కనిపించింది. ఆడబిడ్డ మళ్లీ కోదాడ నుంచి దిగింది, ఇద్దరం బడికి పోయి మెమో తీసుకున్నాం. ఇంగ్లీషు ముప్పై ఆరు. ఆడబిడ్డ నన్ను ఎత్తబోయి కింద పడింది. నేను మాత్రం పక్క కిటికీ దగ్గరికి పోయి మార్కులు తిరిగి లెక్కించమని పెట్టుకునే అర్జీ కాగితం అడిగాను.

"ఎన్ని తక్కువొచ్చినయమ్మా?" అన్నాడు గుమాస్తా.

"మూడు ఎక్కువొచ్చినయి సార్."

ఆయన కళ్లద్దాలు తీసి నన్ను చూశాడు. ఆడబిడ్డ పరుగెత్తుకొచ్చి నా మోచెయ్యి పట్టి లాగింది.

"నీకు దణ్ణం పెడతాను వదినా! మార్కులు ఎక్కువొచ్చాయని అర్జీ పెడతారా ఎవరైనా? దిద్దినాయన నవ్వుకుని వేసుంటాడు. ఉన్నవి పోగొట్టుకుంటావా?"

"లెక్క తప్పు గద..."

"తప్పుంటే ఉండనీ!"

ఆ మధ్యాహ్నమే టీచరు ఉద్యోగానికి దరఖాస్తు ఇచ్చాను. ఆఫీసులో ఒకామె కాగితం మీద పెన్ను ఆనించి, "ఇంగ్లీషుల ఎన్నమ్మా?" అని అడిగింది.

"ముప్పై ఆరు" అన్నాను గట్టిగా. నేను నమ్మని అంకెను నా నోటితో చెప్పడం నా జన్మలో అదే మొదలు. అబ్బ, ఎంత హాయిగా ఉందో!