మునిరత్నం ఇంట్లో వినిపించిన పాట

దయ్యాలు, ఆత్మలు అంటే నాకు మొదటినుంచీ నవ్వే. బడిలో సైన్సు చెప్పేదాన్ని. చర్చికి పోతాను గానీ, అక్కడ ఎవరైనా లేచి దర్శనం కలిగిందని సాక్ష్యం చెబితే, సరిగ్గా నిద్రపోయి ఉండరులే అనుకునే రకం. అందుకే ఈ సంగతి ఇన్నేళ్ళూ నేను బయట ఎవరికీ చెప్పలేదు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో జరిగింది. కార్వేటినగరం దగ్గర పల్లె మా అత్తగారిది. కాన్పుకు ముందు సెలవు పెట్టి అక్కడే ఉన్నాను. మా అత్త సుగుణమ్మ ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. వేరుశనక్కాయ చేలో పని, ఆదివారం చర్చి, అంతే ఆమె లోకం.

మా వీధి చివర మునిరత్నం అనే లారీ డ్రైవర్ ఉండేవాడు. అతనికి ఎయిడ్స్ అని తెలిశాక భార్య పుట్టింటికి వెళ్ళిపోయింది. జబ్బు ముదిరి ఇల్లు కదల్లేకపోయిన తర్వాత అత్త రోజూ గంజి కాచి తీసుకెళ్ళి గడప దగ్గర పెట్టి వచ్చేది. ఒకరోజు తెల్లవారుజామున అతను చనిపోయాడు.

మధ్యాహ్నమైనా శవం లోపలే ఉంది. నీళ్ళు పోయడానికి ఒక్కరూ రాలేదు. అతని తమ్ముడు శేఖర్ ఎదురింటి గోడకు ఆనుకుని ఏడుస్తున్నాడే గానీ గడప దాటలేకపోయాడు. గుడ్డ చుట్టి ట్రాక్టర్‌లో వేసి తీసుకుపోయి పూడ్చేద్దామని పెద్దమనుషులు అంటున్నారు.

అత్త బిందెతో నీళ్ళు, ఒక కొత్త పంచె తీసుకుని బయల్దేరింది. మా ఆయన అడ్డం నిలబడ్డాడు.

"యాడికిమా? ఇంట్లో నీ కోడలు వట్టి మనిషి కాదు. ఏమన్నా అంటుకుంటే ఏం సేస్తావు?"

"సేతులకు కవర్లు కట్టుకుంటా. వచ్చినాక దొడ్లోనే స్నానం సేస్తా."

"ఊరంతా దూరంగా ఉండాది. నీకొక్కదానికే ఎందుకు?"

"యేసయ్య కుష్ఠు వచ్చినోణ్ణి సేత్తో ముట్టుకున్నాడని సిన్నప్పట్నించీ నీకు సెప్తా ఉండాను గదప్పా. ఈ పొద్దు నేను ఇంట్లో కూసుంటే, నేను సెప్పిందంతా ఏమైనట్టు?"

మా ఆయన పక్కకు తప్పుకున్నాడు. నేను ఆమె వెనకే నడిచి శేఖర్ పక్కన నిలబడ్డాను. ఆమె లోపలికి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది.

కాసేపు నీళ్ళు పోస్తున్న చప్పుడు. తర్వాత పాట మొదలైంది.

సన్నగా, ఆరాధన పాటలా ఉంది. మాటలు తెలియలేదు. అత్త పాడుకుంటోంది అనుకున్నాను. ఇంతలో ఒక మగ గొంతు కలిసింది. లోపల ఆమె తప్ప బతికున్న మనిషి లేడు. చుట్టూ చూశాను. పెద్దమనుషుల మాటలు ఆగిపోయాయి. అందరూ ఆ తలుపు వైపే చూస్తున్నారు.

శేఖర్ నా వైపు తిరిగాడు. "అక్కా, అది మా అన్న గొంతు" అన్నాడు. అంతవరకూ అడుగు వేయలేనివాడు పరుగున పోయి తలుపు తోశాడు. పాట ఆగింది.

నేను గడప దాకా వెళ్ళాను. అత్త కొత్త పంచె కప్పుతోంది. మునిరత్నం కళ్ళు మూసే ఉన్నాయి. శేఖర్ అన్న పాదాల మీద తల పెట్టి పడిపోయాడు. ట్రాక్టర్ మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. పాడె కట్టారు. దాన్ని మోసినవాళ్ళలో మా ఆయన కూడా ఉన్నాడు.

సాయంత్రం అత్త దొడ్లో తల ఆరబెట్టుకుంటుంటే అడిగాను. "అత్తా, లోపల నీతోపాటు పాడింది ఎవరు?"

ఆమె వింతగా చూసింది. "నేనెక్కడ పాడినాను? వాణ్ణి ఆ గతిలో సూసి గొంతు పెగల్లేదు నాకు. బయట మీరే గదా పాడినారు? ఆడోళ్ళూ మగోళ్ళూ. నిజం సెప్తా ఉండాను, సెంబు కింద పడేసినా. పారిపోదామని లేసినా. మీ పాట ఇనపడినాకే మళ్ళీ కూసున్నా."

బయట ఎవరూ పాడలేదు. ఆ మాట నేను ఆమెకు ఎప్పుడూ చెప్పలేదు.

తర్వాత చాలా ఆలోచించాను. ఆ రోజు పొద్దుటినుంచీ కరెంటు లేదు, బ్యాటరీతో నడిచేవి ఆ వీధిలో ఎవరికీ లేవు, కాబట్టి రేడియో, టేపు కావు. చర్చికి తాళం వేసి ఉంది. అందరం భయపడి భ్రమపడ్డామంటే, తలుపుకు అటు ఉన్న మనిషికి, ఇటు ఉన్న మాకు ఒకేసారి ఆ భ్రమ ఎలా కలుగుతుంది?

అత్తకు గానీ, ఆ తర్వాత నెల తిరక్కుండానే పుట్టిన మా పాపకు గానీ ఏమీ కాలేదు. అది సైన్సే, నేను వివరించగలను. శవాన్ని కడిగినంత మాత్రాన, అందులోనూ చేతులకు కవర్లు కట్టుకుంటే, ఆ జబ్బు రాదు. పాట సంగతి మాత్రం ఈరోజుకూ నాకు తెలియదు. అత్త పోయేదాకా, ఆ రోజు పాడింది మేమేనని నమ్మింది.