ఫ్రీజర్‌కి వేసిన కూలర్ కంప్రెసర్

కలకత్తాలో ఫ్రిజ్‌లు, ఏసీలు బాగుచేస్తూ బతుకుతున్నాను. చేతికి పని వచ్చు గానీ మనిషికి కుదురు లేదు. ఎవరైనా రెండో ప్రశ్న వేస్తే చాలు, నాకు చిరాకు. ఆత్రగాడికి బుద్ధి మట్టు అని నన్ను చూసే అని ఉంటారు.

మా మేనత్త బడ్జ్ బడ్జ్‌లో చేపలు అమ్ముతుంది. జూట్ మిల్లులో పనిచేసిన మావయ్య పోయాక ఆ బేరమే ఆమెకు దిక్కు. జామాయి షష్ఠినాడు బెంగాలీలు అల్లుళ్లను పిలిచి ఇలిష్ చేప వండి పెడతారు. ఆ రోజు మంచి చేప దొరకడం గగనం. అందుకని అత్త వారం ముందు నుంచే ఏరి కొని డీప్ ఫ్రీజర్‌లో దాస్తుంది. ఆ ఏడాది పదహారు ఇళ్లవాళ్లు ఇంటికో చేప కావాలని ఆమెకు ముందే చెప్పి ఉంచారు. సరిగ్గా నాలుగు రోజులుందనగా ఫ్రీజర్ కంప్రెసర్ కాలిపోయింది.

చేపలను ఐసులో సర్దించి పాత సామాన్ల బజారుకు పరుగెత్తాను. అక్కడ వాడేసిన కంప్రెసర్లకు నల్లరంగు పూసి, నెత్తిన సుద్దముక్కతో హార్స్‌పవర్ రాసి వరసగా పెడతారు. ఎందులోంచి తీశారో రాయరు. మేమంతా ఆ అంకె చూసే కొంటాం. ఆ రోజు దుకాణం అతను మాత్రం అడిగాడు.

"దేనికి దాదా? కూలర్‌కా, ఫ్రీజర్‌కా?"

"వన్ థర్డ్ హార్స్‌పవర్‌ది ఉందా లేదా, అది చెప్పు," అన్నాను. చేతికి దగ్గరగా ఉన్నది తీసి ఇచ్చాడు.

అతను ఊరికే అడగలేదు. తాగే నీళ్లు చల్లబరిచే కూలర్‌లో గ్యాస్ చిక్కగా, మంచి ప్రెషర్‌తో కంప్రెసర్‌కి తిరిగొస్తుంది. దానికి చిన్న సిలిండర్ చాలు. డీప్ ఫ్రీజర్‌లో వచ్చే గ్యాస్ పల్చన, ప్రెషర్ సున్నా దగ్గర ఉండాలి. దాన్ని లాగడానికి పెద్ద సిలిండర్ కావాలి. హార్స్‌పవర్ రెండింటి మీదా ఒకటే ఉండొచ్చు. కూలర్‌ది తెచ్చి ఫ్రీజర్‌కి వేస్తే చిన్న గ్లాసుతో గంగాళం తోడినట్టే. తోడుతూనే ఉంటుంది, వేడెక్కి ఆగిపోతుంది. ఇదంతా నాకు తెలియదా అంటే తెలుసు. అదే నా మంట.

బిగించి, గ్యాస్ నింపి, గేజ్ పెట్టాను. ముల్లు పన్నెండు దగ్గర నిలబడింది. ఇంకా దిగాలి. దిగుతుందిలే అనుకున్నాను. సాల్ట్ లేక్‌లో ఓ ఆఫీసు ఏసీల పని ఆ మధ్యాహ్నమే మొదలుపెట్టాలి.

"అయిపోనాదేటిరా?" అంది అత్త.

"అయిపోయింది అత్తా. ఊరికూరికే మూత తియ్యకు."

ఆ రెండు రోజులూ కాలు కాలిన పిల్లిలా తిరిగాను. ఏ గేజ్ చూసినా ఆ పన్నెండే కనబడేది. ఫోన్ చేస్తే అత్త, "బాగానే ఉంది నాయినా, నువ్వేసిందే కదేటి," అనేది. ఆ మాట వింటే ఇంకా భయం వేసేది. మూడో రోజు పొద్దున్నే స్క్రూలు సగం విప్పిన ఏసీని అలాగే వదిలేసి బస్సెక్కాను.

అత్త ఇల్లు కొలిమిలా ఉంది. ఇంట్లో ఉన్న ఒక్క టేబుల్ ఫ్యాన్‌నూ నేలమీద పెట్టి కంప్రెసర్ వైపు తిప్పింది. తను గుమ్మంలో కూర్చుని అట్టముక్కతో విసురుకుంటోంది. జాకెట్టు చెమటకు తడిసి ముద్దయింది.

"గంటకోపాలి ఆగిపోతందిరా. గాలేస్తే మళ్లీ నడుస్తంది," అంది.

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"నీ పనికి వంక పెట్టినట్టుంటాదని."

సిగ్గుతో చచ్చిపోయాను. మళ్లీ బజారుకు వెళ్లి, ఈసారి అడక్కముందే డీప్ ఫ్రీజర్‌కి అని చెప్పాను. అతను లోపలికి వెళ్లి వేరేది తెచ్చాడు. దాన్ని బిగించాక సాయంత్రానికి ముల్లు సున్నాకు దిగింది. కానీ అప్పటికే ఏడు చేపలు మెత్తబడ్డాయి. మెత్తబడ్డ చేపను అత్త చచ్చినా అమ్మదు.

షష్ఠినాడు పొద్దున ఆమె పక్కనే నిలబడ్డాను. తొమ్మిది ఇళ్లవాళ్లు చేపలు పట్టుకెళ్లారు. తర్వాత వచ్చిన ముసలాయన ఖాళీ సంచీ పట్టుకుని, "అల్లుడికి ఏం పెట్టను?" అన్నాడు. అత్త బెంగాలీలో, దుకాణంవాడు మా మేనల్లుడికి తప్పుడు సరుకు అంటగట్టాడని చెప్పింది. ఆయన ఆ దుకాణంవాణ్ని తిట్టుకుంటూ వెళ్లాడు. తర్వాత వచ్చినామెకూ అదే చెప్పబోయింది. నేను ఆగలేకపోయాను.

"దేనికని దుకాణం అతను అడిగాడమ్మా, నేనే చెప్పలేదు. తప్పు నాది," అన్నాను.

ఆమె నన్ను ఎగాదిగా చూసి వెళ్లిపోయింది. అత్త తలెత్తలేదు. కత్తిపీట మీద చేప కోస్తూనే ఉంది.

మధ్యాహ్నం ఆ ఏడింటిలో ఒకటి పులుసు పెట్టి నాకు వడ్డించింది.

"అతను నిజంగానే అడిగాడత్తా," అన్నాను.

"నాకు తెల్దేటిరా? నిన్ను ఎత్తుకు పెంచినదాన్ని," అంది. ఫ్యాన్ నా వైపు తిప్పింది. "ముళ్లుంటాయి. నిమ్మళంగా తిను."